సగటులో కనిపించని వాన

నా చదువును మా బావ నమ్మినంతగా ఇంకెవరూ నమ్మలేదు. ఆ నమ్మకంతోనే నాకు చావొచ్చి పడింది.

బావ అంటే మా అక్క భర్త. బోరబండలో నాలా అనే పెద్ద మురుగుకాలువ పక్క సందులో వాళ్ళ సొంత ఇల్లు. ఒకప్పుడు ముందుగదిలో కూర్చుని మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేసేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక అదే గదిలో ఆయనకు మంచం వేశారు. మాట మాత్రం చెక్కుచెదరలేదు. సందులో పోయే ప్రతి మనిషీ కిటికీ దగ్గర ఆగి ఆయనతో ఒక మాట అనిపించుకుని పోవలసిందే. అక్క నర్సు. ఆమె డ్యూటీకి పోతే బావకు ఆ కిటికీయే తోడు.

సందులో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్తది పోసుకుంటూ పోయారు. ఇల్లు రోడ్డు కంటే పల్లమైపోయింది. గట్టి వాన పడితే నాలా నీళ్ళు లోపలికి వస్తాయని భయం. వస్తే బావ తనంతట తాను లేవలేడు. వానాకాలం నాలుగు నెలలూ పై గదిలోకి మారుద్దామని అక్క వేసవి నుంచీ పోరుతోంది. పై గదికీ కిటికీ ఉంది గాని, తెరిస్తే పక్కింటి గోడే.

ఆదివారం చర్చి అయ్యాక నేను హఫీజ్‌పేట్ నుంచి వాళ్ళింటికి భోజనానికి వెళ్తుంటాను. ఆ ఆదివారం కూడా ఈ గొడవే నడుస్తోంది.

"పైకి ఎక్కిస్తే ఇగ నన్ను దించేది పెట్టెలనే," అన్నాడు బావ.

శవపేటిక అని ఆయన ఉద్దేశం. అక్క బైబిలు బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయింది. అప్పుడు బావ నా వైపు తిరిగాడు.

"మరదలా, నువ్వు సైంటిస్టువు. ఈ యేడు నీళ్ళు ఇంట్లకొస్తయా, రావా? వస్తయని నువ్వు అను, ఇప్పుడే పోత పైకి."

నేను చేసే పని ఏమిటో ఇక్కడ చెప్పాలి. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనంలో, సాఫ్ట్‌వేర్ కంపెనీల నడుమ, ఒక అంతస్తు మా పరిశోధన బృందానిది. ఉష్ణమండలం ధ్రువాల వాతావరణాన్ని ఎలా కదిలిస్తుందన్నది నా విషయం. పసిఫిక్ నడుమ నీళ్ళు వేడెక్కితే వాటి మీద పెద్ద పెద్ద మబ్బులు లేస్తాయి. అవి పై గాలిని కుదుపుతాయి. ఆ కుదుపు అలలు అలలుగా దక్షిణానికి పోయి అంటార్కిటికా దగ్గర గాలుల దారి మారుస్తుంది. సముద్రపు మంచు ఒకచోట పెరుగుతుంది, ఒకచోట తగ్గుతుంది. వంటింట్లో కుక్కర్ కూస్తే ముందుగదిలో అద్దం అదిరినట్టు అనుకోండి. అంటార్కిటికాను నేను చూడలేదు. ఫ్రిజ్‌లో పేరుకున్న మంచును గీకడమే మంచుతో నాకున్న పరిచయం.

కంప్యూటర్లో ఒకే భూగోళాన్ని, ఆరంభంలో చిటికెడు తేడా పెట్టి, మళ్ళీ మళ్ళీ నడిపిస్తాం. ప్రతిసారీ వాతావరణం ఒక్కో రకంగా పోతుంది. అన్నింటికీ సగటు తీస్తే రోజువారీ గాలివానల గోలంతా చెరిగిపోయి, పసిఫిక్ చేసిన పని ఒక్కటే మిగులుతుంది. మాకు కావలసింది అదే. ఒక మధ్యాహ్నం బోరబండలో పడే వాన, మేము చెరిపేసే ఆ గోలలో ఉంటుంది. రాసేటప్పుడూ మాకు ఇదే జాగ్రత్త. 'దీనివల్ల' అని రాస్తే, కోస్తా నుంచి వచ్చిన మా పెద్దసారు "అంత గట్టిగా వద్దండి, 'కారణం కావచ్చు' అని పెట్టండి" అంటారు. ఏళ్ళ తరబడి అలా రాసీ రాసీ నా నోరు 'అవును' అనడమే మరిచిపోయింది.

"ఈసారి పసిఫిక్ వేడెక్కుతున్నది బావా. అట్లాంటప్పుడు మనకు మొత్తం మీద వాన తక్కువ పడొచ్చు. కానీ పడిన ఒక్క వానే గట్టిగ పడొచ్చు. నీళ్ళు రావచ్చు," అన్నాను.

"అంటే, రాకపోవచ్చు గద?"

"రాకపోవచ్చు కూడా."

"అయిపాయె!" అన్నాడు గెలిచినట్టు.

వంటింట్లో అక్క నా చెయ్యి పట్టుకుంది. "వస్తయని చెప్పరాదే? నీ మాటైతే ఇంటడు. అబద్ధమైతే దేవునికి నేను జవాబు చెప్పుకుంట."

నాకు ఒళ్ళు మండింది. అక్క మీద కాదు, ఎవరి మీదో తెలియదు. వస్తాయని చెప్పి, అవి రాకపోతే, నాలుగు నెలలు ఆ మనిషి పక్కింటి గోడను చూస్తూ పడుకోవాలి. రావని చెప్పి, అవి వస్తే ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసింది. పళ్ళెం తెచ్చుకుని అన్నం పెట్టుకున్నాను.

జూన్, జూలై వట్టిగానే పోయాయి. బావ ఫోన్ చేసి "ఏమంటున్నది నీ పసిఫిక్?" అని ఆటపట్టించేవాడు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. మా ఆఫీసు అద్దాల్లోంచి బోరబండ వైపు కనిపిస్తుంది. ముందు దూరపు ఇళ్ళు మాయమయ్యాయి, తర్వాత దగ్గరి టవర్లు. ఆ తర్వాత అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. నా స్క్రీన్ మీద అంటార్కిటికా మాత్రం ఒడ్డుతో సహా స్పష్టంగా ఉంది.

అక్క డ్యూటీలో ఉంది, ఫోన్ ఎత్తలేదు. బావకు చేశాను.

"గడప దాటినయి," అన్నాడు మామూలుగానే. "సందుల అందరి ఇండ్లల్లకు వస్తున్నయి. ఎవలి లొల్లి వాళ్ళకుంది. నువ్వు పరేషాన్ గాకు."

క్యాబ్ దొరకలేదు. తడుస్తూ హైటెక్ సిటీ స్టేషన్‌కు పరుగెత్తాను. అక్కడి నుంచి బోరబండ ఒక్కటే స్టేషన్. పట్టాల మీద నీళ్ళు నిలిచి లోకల్ రైళ్ళు ఆగిపోయాయి. బయట రోడ్డు మీద బండి కదలడం లేదు. మెడలో ఐడీ కార్డులతో జనం ప్లాట్‌ఫారం నిండా నిలబడి ఉన్నారు. మళ్ళీ ఫోన్ చేశాను.

"పరుపు తడుస్తున్నది," అన్నాడు బావ. ఈసారి ఊపిరి పైపైన వినిపించింది. "మరదలా, ఇంకా పెరుగుతయా?"

"తెలుస్తలేదు బావా," అన్నాను. నా చదువంతా కూడగట్టుకుని చెప్పగలిగింది ఆ ఒక్క ముక్క. "కిటికీల నుంచి ఎవలనన్న పిలువు. గట్టిగ పిలువు."

అరిచాడు. ఎన్నడూ ఎవరినీ చెయ్యి సాయం అడగని మనిషి పిలుస్తుంటే ఫోన్లో విన్నాను. తర్వాత ఫోన్ కట్ అయింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడ్చాను. పక్కనున్న వాళ్ళు నా వైపు చూడలేదు. వాళ్ళు కూడా ఎవరికో ఒకరికి ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

వాన తెరిపిచ్చాక నీళ్ళలో నడుచుకుంటూ చేరాను. ఎదురింటివాళ్ళు ఆ అరుపు విని, అప్పటికే నలుగురు కలిసి బావను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పై గదికి ఎత్తారు. ఎవరిదో చీర కప్పుకుని వణుకుతున్నాడు. అక్క డ్యూటీ బట్టల్లోనే ఆయన కాళ్ళు రుద్దుతోంది. నన్ను చూసి, తల తుడుచుకోమని ఒక తువ్వాలు అందించింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"నీ తప్పేం లేదు మరదలా," అన్నాడు బావ. "రావచ్చన్నవ్, వచ్చినయి. రాకపోయినా నువ్వు చెప్పిందే అయితుండె."

నన్ను ఓదార్చాలనే అన్నాడు. అంత మాట నన్ను ఇంతవరకు ఎవరూ అనలేదు.

నీళ్ళు పోయి, బురద కడిగాక ముందుగది గోడ మీద నీటి గీత మిగిలింది. బావను ఎత్తుకుపోయాక నీళ్ళు ఇంకా పెరిగాయని దాన్ని చూస్తే తెలుస్తోంది. పై గదిలో ఆయన మాట్లాడడం మానేశాడు, తర్వాత అన్నం మానేశాడు. కొద్ది రోజులకే అక్క లొంగిపోయింది. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి, ఎత్తు చేసి, కిందికి దించుదామంది. వానాకాలం ఇంకా అయిపోలేదు.

"ఎన్ని పెట్టాలె?" అని అక్క నన్నే అడిగింది.

అంటార్కిటికా గాలుల గురించి అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పగలిగేదాన్ని. "గీత దాటేదాక పెడదాం," అన్నాను. ఒక్కో కాలి కింద మూడేసి పెట్టాం. పరుపు గీత మీదికి వచ్చింది. ఎదురింటివాళ్ళు బావను దించి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి వెళ్ళారు. ఆ కిటికీ కురచది. ఆయన కళ్ళు దాని పై అంచును దాటిపోయాయి. కిందికి జారాలని చూశాడు, ఒళ్ళు మాట వినలేదు. బయట ఎవరో పలకరిస్తూ పోయారు. ఎవరో ఆయనకు కనిపించలేదు.

"గోడనే కనబడ్తుంది," అన్నాడు. "ఒక ఇటుక తీయుండ్రి."

తీస్తే పరుపు గీత కిందికి దిగుతుందని అక్కకు తెలుసు, నాకూ తెలుసు. అక్క కింద కూర్చుని ఇటుక మీద చెయ్యి వేసి ఆగింది. నేను వంగి, ఇటుక లాగడానికి వీలుగా, బావతో సహా మంచాన్ని ఆ మూల ఎత్తి పట్టుకున్నాను.