రోడ్డును పైకి చెప్పిన మనిషి

చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో మా పక్కన ఒక పిచ్చాయన కూర్చున్నాడని మా చెల్లెలు ఇప్పటికీ అందరికీ చెబుతుంది. ఆయన పిచ్చివాడు కాదు. దానికి వినే ఓపిక లేదు, అంతే.

డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, “ఎడం పక్క ఆవు ఉండాది. ముందర ఆటో ఆగబోతాది. ఎదురుగా బైకు” అని ఆయన గొణుగుతూనే ఉన్నాడు.

“డ్రైవరు ఉండాడు కదా పెద్దాయనా, నువ్వెందుకు తోలేది?” అన్నాను.

“అలవాటమ్మా. ఆదివారాలు మేం కొందరం ఊరికే డ్రైవింగ్ నేర్పిస్తాం. కంట్లో పడిందంతా నోటితో చెప్తా తోలాల. అప్పుడు ధ్యాస యాడికీ పోదు.”

“మీ ఇంట్లోవాళ్లకూ ఇదే పాఠమా?”

“నా కూతురికి నేర్పినాను. ‘పైకి చెప్తా ఉంటే సిగ్నల్ కాడ అందరూ నన్ను సూసి నవ్వుతా ఉండారు నాయనా’ అనింది. ‘సరేలే, మనసులో చెప్పుకో తల్లీ’ అన్నాను. ఆ వారంలోనే స్కూటీ మీద పోతా లారీ కింద పడింది. బతకలా.”

మళ్లీ రోడ్డు చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతిదానికీ ఎదురు వాదించే నేను, ఆయన చెప్పేవన్నీ ఒక్కొక్కటే రోడ్డు మీద చూస్తూ కూర్చున్నాను.

చెల్లెలు ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్లు పగలబడి నవ్వుతారు. నాకు తెలియాల్సింది ఒకటే. ఆ సిగ్నల్ దగ్గర ఆ పిల్లను చూసి నవ్విందెవరు?