అరవై ఒకటో నంబరుకి ఇద్దరు

ఆసుపత్రిలో కంప్యూటర్ల వైర్లన్నీ చూసుకునేది అమ్మమ్మే. ఆ ఉదయం ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు. రక్తపరీక్షల గదిలోని ప్రింటరు ఒక రిపోర్టు ఇచ్చి రెండోది మింగేస్తోంది. చివరికి "ఆమ్లెట్ రెండు, టీ నాలుగు" అని అచ్చేసింది. ఇంతలో క్యాంటీన్ వంటమాస్టరు అక్కడి ప్రింటర్లో వచ్చిన చీటీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, చక్కెర మూడొందలంట! ఏ టేబులుకి వెయ్యను?"

అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పక్కనే ఉన్న ఆసుపత్రి మేనేజరు నవ్వలేదు. "మధ్యాహ్నం రెండింటిలోపు బాగవకపోతే వైర్ల గది తాళంచెవి బయటి కంపెనీకి ఇచ్చేస్తానండీ" అన్నాడు. ఇరవై మూడేళ్లుగా ఆ తాళంచెవి అమ్మమ్మ నడుముకే వేలాడుతోంది. ఆవిడ నవ్వు కాస్తా గుటుక్కుమంది.

నెట్‌వర్కులో ఒక్కో యంత్రానికి ఒక్కో అడ్రసు నంబరు. ఒకే నంబరు రెండింటికి పడితే మన ఉత్తరం పక్కింటివాళ్లు చదువుకున్నట్టే. అమ్మమ్మ అరవై ఒకటో నంబరున్న పరీక్షల గది ప్రింటరు వైరు పీకేసి, కంప్యూటర్‌లోంచి "అరవై ఒకటో నంబరు ఎవరిది?" అని అందరినీ అడిగించింది. వైరు పీకేశాక ఎవరూ పలకకూడదు. తెర మీద ఠక్కున జవాబొచ్చింది: నాదే.

"దొరికాడు దొంగ!"

"మా కొత్త ప్రింటరు కాదు కదమ్మా?" వంటమాస్టరు బిక్కమొహం వేశాడు.

"అదే నాయనా. దానికి ఆ నంబరు అంటగట్టిన దొంగని నేను!"

అమ్మమ్మకి పట్టిక రాసే అలవాటు లేదు. గుర్తుంటాయని చుట్టాల వయసులే నంబర్లుగా ఇచ్చేస్తుంది. మూడేళ్ల కిందట పరీక్షల గది ప్రింటరుకి తాతయ్య వయసు ఇచ్చింది, అరవై ఒకటి. నిన్న క్యాంటీన్ ప్రింటరుకి చెల్లెలి వయసు ఇచ్చింది. ఈ మూడేళ్లలో చెల్లెలు కూడా అరవై ఒకటికి చేరుకుందని, పాత ప్రింటరు మాత్రం అక్కడే కూర్చుందని ఆ మహాతల్లికి తట్టలేదు.

ఈసారి క్యాంటీన్ ప్రింటరుకి కొత్త నంబరు ఇచ్చేముందే అడిగించింది: "రెండొందల పది ఎవరిదైనా ఉందా?" ఎవరూ పలకలేదు.

"అదెవరి వయసమ్మా?"

"ఆ వయసుదాకా మా వంశంలో ఎవరూ బతకలేదులే!"

పీకిన వైరు మళ్లీ పెట్టగానే రిపోర్టులు టపటపా రాలడం మొదలైంది. రెండింటికి పది నిమిషాలుండగా మేనేజరు వచ్చాడు.

"తప్పు నాదేనండీ" అంది అమ్మమ్మ, దాచకుండా.

ఆయన రిపోర్టులు తిరగేశాడు. ఒక్క ఆమ్లెట్ లేదు. "తాళంచెవి మీ దగ్గరే ఉంచండి. కానీ సాయంత్రానికి నంబర్ల పట్టిక గోడ మీద కనపడాలి."

అమ్మమ్మ కాగితం కోసం మెట్లు రెండేసి చొప్పున దూకింది.

"మెల్లిగా అమ్మా!" వెనక నుంచి వంటమాస్టరు అరిచాడు. "ఎముకల డాక్టరు ఇవాళ సెలవు!"