పోర్చుగల్ అమ్మమ్మకు బంతిపూల దండ

ఆ రోజుల్లో నేను పైకి అన్న మాటలకన్నా అనకుండా మింగేసిన మాటలే ఎక్కువ. (ఆ రోజులంటే మరీ పాతవేం కావు, జేబులో ఫోన్ ఉన్న రోజులే. అది మోగేది మాత్రం రీఛార్జి అయిపోయిందని చెప్పడానికే.) బోధన్ దగ్గర కాలువ కింది క్యాంపులో పుట్టినవాణ్ణి నేను. మా తాతలు కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్నారు. దాంతో నిజామాబాద్‌లో నోరు విప్పితే "మీరు ఆంధ్రోళ్లా?" అనేవారు, మేనమామగారి ఊరికి పోతే "వీడి తెలంగాణ యాస వినండర్రా" అని పిల్లల్ని పోగేసి మరీ నవ్వేవారు. రెండు చోట్లా నోరు మూసుకోవడం అలవాటైపోయింది. డిగ్రీ అయ్యాక అలాంటివాడికి దొరికిన ఉద్యోగం కూడా, ఎవరూ రాని చోట రోజంతా నోరు మూసుకుని కూర్చోవడమే.

నిజామాబాద్ పసుపు మార్కెట్ వెనక గల్లీలో ఒక పాత గోదాము ఉండేది. హైదరాబాదు మేడమ్ ఒకావిడ దాన్ని బాగుచేయించి గ్యాలరీ అని పేరు పెట్టింది. ఎన్ని పూతలు పూసినా గోడలకు పసుపు వాసన పోలేదు. అందులో మొదటి ప్రదర్శన దేశదేశాల వీధి చిత్రకారులది. బ్రెజిల్, పోలండ్, పోర్చుగల్, ఇంకా నాకు నోరు తిరగని ఊళ్లవాళ్లు. వాళ్ల దగ్గర గోడల మీద స్ప్రే డబ్బాలతో బొమ్మలు వేస్తారట. (మా గల్లీ గోడ మీద ఉండేది ఎరువుల ప్రకటన, దాని కింద ఇక్కడ ఫలానా పని చేయరాదనే హెచ్చరిక, దాని కింద ఆ పని.) మాకోసం చెక్క పలకల మీద వేసి పంపారు. నా పని తెల్ల చొక్కా వేసుకుని తలుపు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకు ముట్టుకోవద్దని చెప్పడం. చెప్పడానికైనా ఎవరో ఒకరు రావాలి కదా. "ఒక వారం చూస్తాను, జనం రాకపోతే బొమ్మలు హైదరాబాదుకి ఎత్తేస్తాను" అంది మేడమ్. ఉద్యోగం పోతుందన్న దిగులు లేకపోలేదు. కానీ నిజం చెప్పాలంటే, ఒక మనిషి లోపలికొచ్చి నాతో రెండు మాటలు మాట్లాడితే చాలనుకునేవాణ్ణి.

ప్రారంభానికి రావలసిన పెద్దమనిషి రాలేదు. ఆయన కోసం తెచ్చిన బంతిపూల దండ, బయట వేసిన షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు మిగిలాయి. టెంటువాడు "రాత్రికొచ్చి తీస్త అన్నా" అని చెప్పి పత్తా లేడు. అంత దండ పారేయడానికి చేతులు రాక, మరునాడు పొద్దున దాన్ని తలుపుకి ఎదురుగా ఉన్న పెద్ద బొమ్మకు వేశాను. పోర్చుగల్ కుర్రాడెవరో వేసిన ముసలావిడ ముఖం అది. నిండా ముడతలు, భుజం మీద ఒక పావురం, కింద చీటీలో 'పేరు లేదు' అని. రంగుల వాసనకు తలనొప్పి వస్తుంటే నాలుగు ఊదుబత్తులు వెలిగించి, నేను తినాల్సిన అరటిపండుకు గుచ్చి ఆ బొమ్మ ముందే పెట్టాను. గడ్డం గీసుకోలేదు. తెల్ల చొక్కాతో, షామియానా కింద, ఖాళీ కుర్చీల మధ్య దిగాలుగా కూర్చున్నాను. ఇదంతా చూస్తే ఎవరైనా ఏమనుకుంటారో నాకు తప్ప ఊరందరికీ తెలుసు.

మొదట వచ్చింది పసుపు అమ్ముకోవడానికి ఇందల్వాయి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ. చెప్పులు బయట విడిచి, బొమ్మకు దండం పెట్టి, నా పక్కన కూర్చుంది. మనిషి వచ్చిందన్న సంతోషానికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే కొంప ముంచింది.

"ఏడ్వకు బిడ్డా. పండు ముసలిది, మంచిగనే పోయింది" అంది.

"ఆమె మాకేం కాదవ్వా."

"గట్లనకు. ఎవ్వలకెవ్వలు ఏమైతరు, ఉన్నన్ని దినాలే గదా. పేరేంది?"

"పేరు లేదు." (చీటీలో ఉన్నదే చెప్పాను.)

"దుఃఖంల యాదికొస్తలేదు పాపం" అని తనలో తాను అనుకుని, "పిట్టకు పెట్టిండ్రా?" అని అడిగింది. (పోయినవాళ్ల పేరున అన్నం పెడతారు, కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్లకేదో కోరిక మిగిలిపోయిందని లెక్క.) నేను తెల్లమొహం వేసేలోపే ఆమె చూపు పావురం మీద పడింది. "మంచి జీవి బిడ్డా. పిట్ట భుజం మీదనే కూసున్నది" అంది.

ఆమె పోయి మార్కెట్లో చెప్పింది కాబోలు, హమాలీలు, రైతులు ఒకరి వెనక ఒకరు వచ్చారు. మరాఠీ మాట్లాడే వ్యాపారి ఒకాయన టోపీ తీసి నిలబడ్డాడు. ఎవరో ఛాయ్ పంపించారు. హమాలీ పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి "ఏమన్న తిన్నవా తమ్మీ?" అన్నాడు. "ఇది బొమ్మండీ, ప్రదర్శన" అని నేను మొదలుపెట్టినప్పుడల్లా, వాళ్లు నా చెయ్యి పట్టుకుని "గుండె రాయి చేస్కోవాలె" అనేవారు. వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చాం కదా అని మిగతా బొమ్మల్లో ఉన్నవాళ్లని కూడా చూసి, మస్తు పెద్ద ఖాన్‌దాన్ అనుకుంటూ పోయారు.

మధ్యాహ్నం మేడమ్ వచ్చి, జనాన్ని చూసి మురిసిపోయి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది. ఒకాయన దగ్గరకొచ్చి "దినాలు ఎప్పుడు పెట్టుకున్నరమ్మా?" అని అడిగేదాకా ఆ మురిపెం నిలిచింది. తర్వాత దండ తెంపినంత పని చేసి తీసేసి, ఈవిడ, ఈ బొమ్మ వేసినవాడి అమ్మమ్మ, తన దేశంలో నిక్షేపంగా బతికే ఉంది అని అందరికీ వినపడేలా చెప్పింది. హమాలీ పెద్దాయన నెమ్మదిగా లేచాడు. "బతికున్న మనిషికి దండేస్తరా తమ్మీ" అని, సగం తాగిన ఛాయ్ గ్లాసు కుర్చీ మీద పెట్టి పోయాడు. సాయంత్రానికి టెంటువాడు కూడా వచ్చి షామియానా విప్పుకుపోయాడు. (అన్ని రోజులుండగా వాడికి ఆ రోజే తీరిక దొరకాలా.)

ఆ తర్వాత ఎవరూ రాలేదు. అసలు మనుషులు రాని గది ఒక రకం, వచ్చి కోపంతో వెళ్లిపోయిన గది ఇంకో రకం. రెండోదే కష్టం. ముట్టుకోవద్దని చెప్పడానికి ఎదుట ఎవరూ లేరు కనుక ఒకరోజు నేనే అమ్మమ్మ చెంప ముట్టుకుని చూశాను. గరుకుగా ఉంది.

వారం అయిపోయి, బొమ్మలు సర్దడానికి పెట్టెలు వచ్చిన పూటే అవ్వ మళ్లీ వచ్చింది, మిగిలిన పసుపు తెచ్చిందట. సంగతి మార్కెట్లో తెలిసే ఉంటుంది, తిడుతుందని లేచి నిలబడ్డాను. ఆమె నేరుగా పోయి అమ్మమ్మ ముందు కూర్చుని ఆ ముఖాన్ని చూసింది. "సచ్చిందని పేరు పడితె ఆయుష్షు పెరుగుతదంటరు. ఇగ నూరేండ్లు ఉంటది" అంది. లేచి గడప దాటి, చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగింది.

"మొన్న చెప్పకుంటనే లేశిపోయిన. సావింటి కాడ పోయొస్త అనొద్దు గదా. గిప్పుడు చెప్తున్న. పోయొస్త బిడ్డా. మల్ల పంటకు వస్త."

ఆ ఊళ్లో నాకలా చెప్పి వెళ్లినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. లోపల పెట్టెలకు మేకులు కొడుతున్నారు. రేపటికి ఇక్కడ బొమ్మలూ ఉండవు, నేనూ ఉండనని చెప్పాలి. కానీ "మంచిది అవ్వా, రా" అన్నాను, అదేదో మా ఇల్లయినట్టు.

మరునాడు పని లేదు. అయినా పొద్దున్నే స్నానం చేసి పోయి, తాళం వేసిన గోదాము మెట్ల మీద కూర్చున్నాను. మళ్లీ పసుపు పంట అంటే ఏడాది మాట అని రైతు బిడ్డనైన నాకు తెలియక కాదు. మెట్ల మీద కూర్చున్న ఆనాటి నన్ను, ఆ కుర్రాణ్ణి, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పోయి కాసేపు వాడి పక్కన కూర్చోవాలని కూడా అనిపిస్తుంది.