ధర్మవరం జెండా పండగ: పట్టుపోగూ, వేపాకూ

అనంతపురంలో నాకు మొదటి ఉద్యోగం. గుంటూరు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎనభైల మొదట్లో మాట. పక్క బల్ల దగ్గర పనిచేసే మిత్రుడి సొరుగులో ఒకరోజు బొటనవేలంత పట్టుబిళ్ల కనిపించింది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పోగుల్ని మూడు వరసలుగా కుట్టి, నడుమ నీలిదారంతో చక్రం అల్లారు. ఎక్కడ కొన్నావని అడిగితే నవ్వాడు. "కొనేది కాదప్పా. ధర్మవరంలో మా పెద్దమ్మ ఓబుళమ్మ చేస్తాది, జెండా పండక్కి వాళ్ల వీధి బడిపిల్లోళ్లకి. పోయి చూడు" అన్నాడు. ఆగస్టు పద్నాలుగున సెలవు పెట్టి బయల్దేరాను.

పొద్దున ఏడింటి బస్సు ఎక్కితే ఎనిమిదిన్నరకల్లా ధర్మవరం. టిక్కెట్టు మూడు రూపాయల చిల్లర. కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. దారి పొడవునా దున్ని వదిలేసిన ఎర్రచేలే. ఎక్కడా మొలక లేదు. బస్టాండు బయట ఉన్న జట్కా అతను ఓబుళమ్మ పేరు వినగానే "నేనూ ఆడికే పోతాండా, ఎక్కు సార్" అన్నాడు. పేరు సంజీవప్ప. అతని కాళ్ల దగ్గర ఒక మూట ఉంది. ఏమిటని అడిగాను.

"ఇత్తనం బుడ్డలు సార్. నాలుగెకరాలకి పెట్టుకుంటి. వాన కోసరం చూసి చూసి అదును దాటిపాయ. అమ్మినంత అమ్మినా. ఈ మూట పిల్లోళ్లకి."

ఆ ఏడు సేద్యం లేక, బావమరిదిదైన ఆ జట్కాను తను తోలుతున్నాడట. విత్తాల్సిన వేరుశనగ బడిలో పంచే ఉండలకు పోతోందని అప్పుడు అర్థమైంది. రూపాయి కిరాయి ఇవ్వబోతే, తనకెటూ అదే దారి కదా అని అర్ధరూపాయే తీసుకున్నాడు.

ఓబుళమ్మకు అరవై దాటాయి. ఆమె ముందు చాటలో కాషాయం, తెలుపు పోగులున్నాయి, పచ్చ లేదు. నేసిన చీరను కోసి తీశాక మగ్గం మీద నిలువుపోగుల పడుగు జానెడు మిగిలిపోతుంది. ఆమె బిళ్లలన్నీ ఆ ముక్కలతోనే. కరువుకి పెళ్లిళ్లు తగ్గి, సగం మగ్గాలు ఆగిపోయి, ఆ వీధిలో పచ్చ పడుగు ఆమె కొడుకు నాగరాజు మగ్గం ఒక్కదానిపైనే ఉంది.

"నాగరాజూ, సాయంత్రానికి కోస్తావా?" అని అడిగింది.

"యాడమ్మా! ఇంగా మూర ఉండాది. రేపు మద్యాన్నానికి గానీ కాదు."

"రోంత జల్దీగా నెయ్యి నాయనా."

అతని చేతులు ఆగిపోయాయి. "జల్దీగా నేస్తే నేత చెడతాది. ఈ చీర ఎనక్కి వచ్చిందంటే సావుకారి ఇంగ మనకి పట్టు ఇయ్యడు."

ఆమె చాటను పక్కకి జరిపింది. నూటికి పైగా పిల్లలు, తెల్లారితే పండగ. "సరే, నీ పని నువ్వు చేసుకో. చీర చెడగూడదు" అంది. ముప్పై ఏళ్లుగా ఒక్క ఏడూ తప్పలేదని నాతో మాత్రం మెల్లగా చెప్పింది.

మధ్యాహ్నం పెరట్లో సంజీవప్ప గింజలు వేయించాడు. నేను పొట్టు ఊదాను. ఓబుళమ్మ రోట్లో బెల్లం వేసి దంచింది. పొట్టు పారబోయడానికి గోడ వెనక్కి వెళ్లిన ఓబుళమ్మ ఎంతకీ రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో వేపరెమ్మ. ఒక ఆకు తుంచి, తెల్లపట్టు కింద పెట్టి చూసింది.

"మూడేండ్లుగా వాన ల్యాకపోయినా పచ్చగా ఉండేది ఇదొకటే. దీనికి ఎవుర్నీ అడిగే పనిల్యా."

ఆకు వాడిపోతుంది కనుక సాయంత్రం పై రెండు రంగులే కుట్టాం. తెల్లారాక ఆకులు కోసి, ఒక్కోటీ రెండు కుట్లతో బిగించాం. నా వేలికి సూది ఎన్నిసార్లు దిగిందో! ఎనిమిదికి బడిలో జెండా ఎగిరింది. హెడ్మాస్టరమ్మ తన బిళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఓబుళమ్మా, ఈసారి పచ్చరంగు వాసనొస్తాందే!" అంటే పిల్లలందరూ తమవి వాసన చూసుకోవడం మొదలుపెట్టారు. ఓబుళమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఉండలు సంజీవప్పే పంచాడు. చివరిది తను తీసుకుని నమిలాడు. తర్వాత, "మంచి గింజ సార్. మొలిచింటే బాగా కాసుండు" అన్నాడు.

మధ్యాహ్నం నాగరాజు చీర కోశాడు. ఎండకు పట్టి చూస్తే ఎక్కడా వంక లేదు. మిగిలిన పచ్చపోగుల్ని తల్లి ఒళ్లో పెట్టాడు. ఆమె వాటిని వచ్చే ఏటికని పెట్టెలో దాచింది.

తర్వాత పెద్ద ఊళ్లలో కవాతులు, శకటాలు చాలా చూశాను. చేతినిండా ఉన్నప్పుడు పండగ చేయడం గొప్పేమీ కాదు. కొడుకు పనిని చెడనివ్వకుండా, పిల్లల్నీ చిన్నబుచ్చకుండా ఆ రెండు రోజులూ నడిపిన ఓబుళమ్మ లాంటి వాళ్లు ఏ శకటం మీదా కనిపించలేదు. దేశం అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఆ పెరడే గుర్తొస్తుంది.

ఇలాంటి చిన్న బడుల పండగకు వెళ్లేవాళ్లు ముందురోజే చేరుకోండి. సంచిలో రెండు డబ్బాలు గుండుసూదులు వేసుకోండి. ఆ రోజు సూదులు చాలక, చివరి వరస పిల్లల చొక్కాలకు బిళ్లల్ని తుమ్మముళ్లతో గుచ్చాం.