గోడమీద ఓనమాలు దిద్దిన మా చెల్లె

మొన్న కళ్ల డాక్టరు దగ్గరికని ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఈ వయసులో మెట్రోలో సీటు దొరకడం కూడా ర్యాంకు కొట్టినంత గొప్పే, ఎందుకంటే పిల్లలంతా ఫోన్లలో తలలు దూర్చి ఎదురుగా నిలబడ్డ ముసలిదాన్ని చూడనట్టే ఉంటారు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు గానీ, బండి చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు సాగుతుంటే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు వరసగా కళ్లముందుకొచ్చాయి. పోస్టల్ స్టాంపులంత మొహాలు, ఒక్కో మొహం కింద ఒక్కో నంబరు, అందరికంటే పైన చేతులు కట్టుకుని నవ్వుతున్న యజమాని. జీవితమంతా డ్రాయింగు టీచరుగా బతికినదాన్ని కదా, బొమ్మ కనబడితే ఊరికే చూసి వదిలెయ్యలేను. చదువు పేరు మీద వేసిన ఆ బొమ్మల్లో చెప్పేవాళ్లు లేరు, వినేవాళ్లు లేరు. ఒకరినొకరు చూసుకునేవాళ్లు అసలే లేరు. వాటిలో అన్నిటికన్నా పెద్ద ఫ్లెక్సీ నీలిరేకుల కంచెకు కట్టి ఉంది. ఆ కంచె ఉన్నచోటే మొన్నమొన్నటి దాకా మా బడి గోడ ఉండేది. ఆ గోడమీద మా చెల్లె ఉండేది.

డాక్టరు నా కళ్లలో చుక్కలు వేయకముందే, ఇంత నీరు ఎందుకు కారుతోందమ్మా అని అడిగాడు. దుమ్ము పడిందని చెప్పాను. ఇంకేం చెప్పమంటారు?

మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే రోడ్డుకు ఇటు నాలుగు ఇళ్లు, అటు నాలుగు ఇళ్లు, మధ్యలో లారీలు లేపిన దుమ్ము. మాది నల్లగొండ దగ్గర పల్లె. పంటలు ఎండి మా నాయిన ఎల్బీ నగర్ చౌరస్తాలో లారీల మెకానిక్ పనికొస్తే, ఆయన వెనకే మేమూ వచ్చి అక్కడే ఒక రేకుల ఇంట్లో కిరాయికి దిగాం. నన్ను చేర్పించిన దిల్‌సుఖ్‌నగర్ బడిలో చెప్పుకోదగ్గవి రెండే, మంచి నీళ్ల బావి, డ్రాయింగు సారు. సారు కోస్తా నుంచి వచ్చినాయన, మా మాటకు ఆయన నవ్వేవాడు, ఆయన మాటకు మేం నవ్వేవాళ్లం. ప్రతి ఎండాకాలం సెలవుల్లో బడి ప్రహరీ గోడమీద ఒక్కో బొమ్మ చొప్పున, ఈ లోకంలో మనిషి మనిషికి చదువు చెప్పిన కథంతా వేస్తూ పోయాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు, అదొక పిచ్చి ఆయనకు.

మొదట బాసింపట్టు వేసుకుని ఒళ్లో కాగితపు చుట్ట పరుచుకుని రాసుకునే ఈజిప్టు లేఖకుడు. ఆ పక్కన కుర్చీలో కూర్చున్న గ్రీకు గురువు, ఆయన ముందు భయంభయంగా నిలబడ్డ కుర్రాడు. తర్వాత గురువేమో పడుచువాడు, శిష్యులేమో గడ్డాలు నెరిసిన ముసలివాళ్లు అయిన దక్షిణామూర్తి. అది చూసి మేం పడీపడీ నవ్వితే, నేర్చుకోవడానికి సిగ్గేవిట్రా అని సారు కసిరాడు. ఆ తర్వాత మదరసా, అందులో మౌల్వీ సాబు చేత బెత్తం దెబ్బలు తింటున్న పిల్లాడు. కాలనీ పిల్లలందరికీ వాడంటే ప్రాణం, వచ్చేపోయేవాళ్లంతా పాపం అంటూ వాడి వీపు నిమిరి పోయేవాళ్లు. వీటన్నిటి మధ్య ఒక వింత బొమ్మ ఉండేది. అందులో ఒక ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించి తలలు వంచి వింటున్న జనం, అంతే. సారు మమ్మల్ని నాగార్జునసాగర్ తీసుకుపోయి, లాంచీ ఎక్కించి, మ్యూజియంలో అట్లాంటి చెక్కుడు రాయిని చూపించినప్పుడు, సారేడి సార్ అని మేమంతా ఒక్క గొంతుతో అరిచాం. పూర్వం చాలాచోట్ల బుద్ధుణ్ణి మనిషిగా చెక్కేవాళ్లు కాదని చెప్పి, “వినేవాళ్ల మొహాలు చూడండర్రా, చెప్పేవాడు కనబడతాడు” అన్నాడు. మాకైతే ఏమీ కనబడలేదు, ఆకలి మాత్రం బాగా వేసింది.

ఒక ఎండాకాలం, గేటు పక్కన అటెండరు గది చూరు ప్రహరీ మీదికి వంగిన చోట, వీధి బడి బొమ్మ మొదలుపెట్టాడు. మా నాయిన దాన్ని ఖాన్గీ బడి అనేవాడు, తాను చదివిన రెండు ముక్కలూ అక్కడే చదివాడు కనుక. అరుగుమీద పంతులు కూర్చుని, ఒక పిల్ల వేలు పట్టుకుని ఇసుకలో ఓనమాలు దిద్దిస్తుండాలి. పంతులుగా మా బడి అటెండరు తాత కూర్చున్నాడు, ఆయనకు ఒక్క అక్షరమూ రాదు, కానీ పిలక మాత్రం భేషుగ్గా ఉండేది. పిల్లగా ఎవరిని కూర్చోబెట్టాలా అని సారు వెతుకుతుంటే, పిప్పరమెంట్లు ఇస్తారట రా అని ఆశపెట్టి మా చెల్లెను నేనే పట్టుకుపోయాను. దానికి అప్పటికి ఆరేళ్లు రాలేదు, బడిలో వేయలేదు. రెండు జడలు, ముందు పన్ను ఊడిన నోరు, కాసేపు కుదురుగా కూర్చోమంటే చచ్చే చావు.

దాని వేలు తాత చేతిలో ఉంది, కళ్లు మాత్రం నామీదే ఉన్నాయి. నేను సారు వెనక, గేటు దగ్గరి కరెంటు స్తంభానికి ఆనుకుని, నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్నాను మరి. అది నవ్వు ఆపుకోలేక పెదాలు బిగించి, బుగ్గలు ఉబ్బించి, ఓరకంటితో నన్నే చూస్తోంది. సారు దాన్ని ఉన్నదున్నట్టు గీసేశాడు. పెద్ద సారు వచ్చి చూసి, శిష్యురాలు గురువును చూడకుండా దిక్కులు చూడటమేమిటని చిరాకుపడితే, “దిక్కులు చూసేవాళ్లు లేని బడి ఎక్కడుందండీ?” అని మా సారు కుంచె కడుక్కున్నాడు. ఆ విధంగా ఆ గోడ మొత్తం మీద గురువును చూడని శిష్యురాలు మా చెల్లె ఒక్కతే అయింది. కరెంటు స్తంభం దగ్గర ఎవరు నిలబడితే వాళ్లను చూసి నవ్వు ఆపుకునేది.

వానలు పడగానే దానికి జ్వరం తగిలింది. మెదడుకు ఎక్కిందన్నారు. దవాఖానకు తీసుకుపోయారు, మళ్లీ తీసుకొచ్చారు, తీసుకొచ్చినప్పుడు నన్ను లోపలికి రానివ్వలేదు. అంతకన్నా రాయలేను.

అంతా అయిపోయాక మా అమ్మకు గుర్తొచ్చింది, ఇంట్లో దాని ఫోటో లేదని. ఎందుకు లేదంటే, స్టూడియోకు పోదామని అమ్మ అడిగినప్పుడల్లా మా నాయిన, “బడిల ఏసేటప్పుడు ఎట్లయినా ఫోటో అడుగుతరు, అప్పుడే దిగుదాం తియ్” అనేవాడు. ఆ మాట ఆయన జీవితాంతం ఆయన గొంతులోనే అడ్డం పడింది. అంటే, నా చెల్లె మొహం ఈ భూమ్మీద ఒకేచోట ఉంది. బడి గోడమీద, చూరు కింద, పంతులు పక్కన.

అప్పటి నుంచి మా అమ్మ ప్రతి శుక్రవారం తలస్నానం చేసి, తడి గుడ్డ ఒకటి, కుంకుమ భరిణె ఒకటి చేతపట్టుకుని ఎల్బీ నగర్ నుంచి నడుచుకుంటూ వచ్చేది. గోడ దగ్గర వంగి, లారీల దుమ్ము పట్టిన బిడ్డ మొహాన్ని తడి గుడ్డతో తుడిచేది, చెవుల వెనక కూడా తుడిచేది, నుదుట బొట్టు పెట్టేది. తర్వాత వచ్చి స్తంభం దగ్గర కాసేపు నిలబడేది. తల్లి కదా, దుమ్ము పట్టిన మొహాన్ని చూస్తూ ఊరుకుంటుందా? కానీ అవి జిగురు కలిపిన నీళ్ల రంగులు. తుడిచినకొద్దీ గుడ్డకు అంటుకునేవి. ఆ సంగతి అమ్మకు తెలియదు, ఆ గుడ్డకు అంటినదంతా ఆమె దుమ్మే అనుకుంది.

మరి బొమ్మ ఎందుకు చెరిగిపోలేదో నాకు పై తరగతుల్లో గాని తెలియలేదు. సెలవుల్లో సారుకు రంగులు కలిపిచ్చే పనికి కుదిరాను. మిగతా బొమ్మల్ని దిద్దడానికి నా చేతికి కుంచె ఇచ్చేవాడు గాని, చెల్లె మొహం దగ్గరికి రాగానే నన్ను లేవమని తానే కూర్చునేవాడు. ఏటా ఎండాకాలంలో, అమ్మ తుడిచి తుడిచి పలచబరిచిన ఆ మొహాన్ని, ఒక పూటంతా కూర్చుని మళ్లీ నింపేవాడు. తుడవద్దని అమ్మకు చెప్తానంటే నామీద కోప్పడ్డాడు. “చెప్పకమ్మాయ్. తుడుచుకోనీ. ఆవిడకి బిడ్డ మొహం కడగడానికి ఇంకెక్కడుంది? వెయ్యడానికి నేనున్నాగా” అన్నాడు.

ఉన్నాడు, ఉన్నన్నాళ్లూ వేశాడు. ఆయన పోయేనాటికి నేనూ ఇంకో బడిలో డ్రాయింగు టీచరునయ్యాను. ఆ ఏడు రంగు దిద్దేవాళ్లు లేరు, తర్వాతి ఏడూ లేరు. అమ్మ గుడ్డ మాత్రం ఆగలేదు. ముందు బుగ్గలు పోయాయి, తర్వాత ఆ బిగించిన పెదాలు పోయాయి. ఒక శుక్రవారం అమ్మ ఇంటికొచ్చి, “నువ్వు సారు లెక్కనే గీస్తవు గద బిడ్డా, చెల్లె మొఖం జర దిద్దు” అంది.

రంగులన్నీ కలుపుకుని పోయి గోడముందు కూర్చున్నాను. కుంచె ముంచాను, చెయ్యి లేపాను, అక్కడే ఆగిపోయింది. నాకు దాని మొహం గుర్తులేదు. కళ్లు మూసుకుంటే కనబడేది సారు వేసిన మొహమే గాని, నేను ఎత్తుకుని తిరిగిన చెల్లె మొహం కాదు. ముక్కు ఎట్లా ఉండేది? పుట్టుమచ్చ ఏ బుగ్గమీద? ఊళ్లో పిల్లలందరికీ బొమ్మలు నేర్పిన నా చెయ్యి అది, దేవుడా, నా తోడబుట్టినదాన్ని గీయడం రాలేదు. ఎవరిదో మొహం తెచ్చి అక్కడ పెట్టడానికి మనసొప్పలేదు. అమ్మ స్తంభం దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత దగ్గరికొచ్చి నా చేతిలోంచి కుంచె తీసుకుని పక్కన పెట్టి, “ఉండనీ బిడ్డా, నాకు కనవడ్తనే ఉంది” అని, ఉత్త సున్నం మిగిలిన చోట, సరిగ్గా నుదురు ఉండాల్సిన చోట బొట్టు పెట్టింది. నాకు సాగర్‌లో చూసిన రాయి గుర్తొచ్చింది గాని ఓదార్పు దొరకలేదు, కోపమొచ్చింది. ఖాళీ ఆసనం బుద్ధుడికి సరిపోతుందేమో. పన్ను ఊడిన పిల్లకు మొహం ఉండాలి.

మా అమ్మ నడవగలిగినన్నాళ్లూ అట్లాగే వచ్చింది, తర్వాత నేను ఆటోలో తీసుకొచ్చేదాన్ని, ఆమె పోయాక నేను ఒక్కదాన్నే వచ్చాను. గోడమీద మిగిలింది ఇసుక తట్ట, పంతులు పట్టుకున్న చిన్న వేలు, రెండు జడల కొసలు, మధ్యలో తెల్లని ఖాళీ, ఆ ఖాళీలో ఏళ్ల తరబడి సున్నంలోకి ఇంకిపోయిన ఎర్రటి మరక. ఈలోగా మిగతా బొమ్మలమీద ట్యుటోరియళ్ల పోస్టర్లు పడ్డాయి, పిల్లలు తగ్గారు, బడి మూతపడింది, స్థలం చేతులు మారింది. చూరు కింద ఉన్న పుణ్యాన మా చెల్లె బొమ్మ మిగిలింది.

గోడ కూలగొడుతున్నారని తెలిసి పొద్దున్నే ఆటోలో పోయేసరికి, జేసీబీ ఈజిప్టు లేఖకుణ్ణి, గ్రీకు గురువునీ, ఖాళీ ఆసనాన్నీ నేలకు దించేసి, వీధి బడి ముందు ఆగి ఉంది. ఎందుకాగిందో నాకు అర్థం కాలేదు. బండి నడిపే అతను, ఇద్దరు కూలీలు దిగి చెప్పులు విడిచి దూరంగా నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఆ డ్రైవరు, “అమ్మా, ఈడ కుంకుమ ఉంది. అమ్మవారా ఏంది? గట్లయితే మేం ముట్టం, సేటుకు చెప్తం, చిన్న గుడి కట్టుకుంటరు” అన్నాడు.

అవును బిడ్డా అంటే సరిపోయేది. మన దగ్గర కుంకుమ పెట్టిన గోడను ఎవడు కూల్చాడు? నాలుగు ఇటుకలు, రెండు మామిడి తోరణాలు పడేవి, ఇవాళ మెట్రోలోంచి కూడా కనబడేది. కానీ నలభై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన పాడు నోరు ఇది, తప్పు జవాబు చెవిన పడితే ఆగదు. పైగా పిప్పరమెంట్ల కోసం వచ్చి, గురువును చూడకుండా నన్ను చూసి నవ్విన పిల్లను, ఎవరో తెలియని జనం మొక్కే దేవతను చేస్తే, ఇక అది మా చెల్లె ఎట్లా అవుతుంది? “అమ్మవారు కాదు బిడ్డా, మా చెల్లె” అనేశాను.

“ఓ, గంతేనా” అన్నాడతను, గుండెలమీంచి బరువు దిగినట్టు. చెప్పులు తొడుక్కున్నాడు. నేను స్తంభం దగ్గరికి పోయి నిలబడ్డాను.

గుహల నుంచి గోడల దాకా, రాతి నుంచి రంగు దాకా, మనిషి చదువు బొమ్మ ఎప్పుడు వేసినా అందులో ఇద్దరున్నారు. ఒకరు చెప్పారు, ఒకరు విన్నారు, విననివాళ్లు దిక్కులు చూశారు, దిక్కులు చూసినా ఎవరో ఒక మనిషినే చూశారు. ఇప్పుడు చదువు బొమ్మలో ఎవరికివారే. తిరుగు ప్రయాణంలో దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి నీలిరేకుల దగ్గరికి నడిచాను. స్తంభం ఇంకా ఉంది. దానికి ఆనుకుని నిలబడితే ఎదురుగా ఆ పెద్ద ఫ్లెక్సీ, అందులో అంతమంది పిల్లలూ నావైపే మొహాలు పెట్టి ఉన్నారు. ఎంతసేపు నిలబడ్డా ఒక్కరూ నన్ను చూడలేదు.