కొక్కెం వెయ్యని ట్రాక్టరు

నతానియేలుకి అసహ్యం పుట్టించే సంగతులు లోకంలో తక్కువేం కాదు. అద్దం తుడవని బస్సంటే అసహ్యం. బ్రేకు సంగతి పట్టించుకోకుండా ట్రాక్టరుకి రంగు లైట్లు, డబ్బా స్పీకర్లు తగిలించే కుర్రకారంటే మరీ అసహ్యం. రోజుకి పదిసార్లు 'ఛీ' అనకపోతే ఆయనకి తిన్నది అరగదు. "నీ నోట్లో ఛీ లేకపోతే బండికి హారను లేనట్టేనయ్యా" అని భార్య సంతోషకుమారి వేళాకోళం చేస్తుంది.

వయసు యాభై నాలుగు. ఊరు పెదనందిపాడు రోడ్డు మీద, పత్తి చేలూ మిరప చేలూ తప్ప ఇంకేం కనపడని చోట. ఉద్యోగం గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు స్కూలు బస్సు తోలడం. బస్సు మొరాయిస్తే మెకానిక్కు కూడా ఆయనే. సాయంత్రం ఇల్లు చేరాక వెనక రేకుల వసారాలో కూర్చుని చేసే పని మాత్రం వేరు. ఆ ఊరివాడే షానవాజ్‌కి పాత సామాన్ల కొట్టుంది. జనం పారేసిన బొమ్మల్లోంచి ప్లాస్టిక్ బ్లాకులు, పళ్లచక్రాలు, చిన్న మోటార్లు ఏరి గోతంలో వేసి ఉంచుతాడు. ఒకదాంట్లో ఒకటి టక్కుమని కూర్చునే ఆ బ్లాకులతో నతానియేలు బండ్లు కడతాడు. అలమారాలో పెట్టుకునే రకం కాదు. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరగాలి, గేరు మారిస్తే వేగం మారాలి. ఒక ఏడు బస్సు కట్టాడు, ఒక ఏడు మట్టి తవ్వే మిషను కట్టాడు. మోజు తీరగానే ఊడబీకి, ఆ ముక్కలతోనే ఇంకోటి మొదలుపెట్టేవాడు. పదకొండేళ్లుగా ఊడబీకనిది ఒక్క ట్రాక్టరే.

అసలు ట్రాక్టరు కొలతలన్నీ పదహారో వంతుకి కుదించి కట్టాడు దాన్ని. వెనక ట్రక్కు కూడా ఉంది. నిజం ట్రాక్టరుకి ఉన్నట్టే వెనక చక్రాలు రెంటికీ వేరువేరు బ్రేకులు. దుక్కిలో మలుపు తిప్పడానికి ఒక పక్క బ్రేకే తొక్కుతారు. రోడ్డెక్కితే మాత్రం రెండు పెడళ్లూ కలిపి మధ్యలో కొక్కెం వెయ్యాలి. వెయ్యకుండా వేగంలో ఒక్క పెడలే తొక్కితే బండి ఆ పక్కకి గుంజేసి తిరగబడుతుంది.

ఏటా మిరపకోతలు ముమ్మరం కాకముందు ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, చుట్టుపక్కల ఊళ్ల డ్రైవర్లని చర్చి ఆవరణలో కూర్చోబెట్టి నతానియేలు ఇదే చూపిస్తాడు. ట్రక్కులో పన్నెండు చింతగింజలు పోస్తాడు. అవి కోతకెళ్లే ఆడకూలీలు. కాలవ కట్టలా వాలుగా పెట్టిన చెక్క మీద బండి నడుపుతాడు. కొక్కెం వేసి, ఒక పెడలుకి కట్టిన దారం లాగితే బండి బుద్ధిగా ఆగుతుంది. కొక్కెం తీసి లాగితే ట్రక్కుతో సహా పల్టీ కొట్టి గింజలన్నీ నేల మీద దొర్లుతాయి. ఎంత చెప్పినా చెవికెక్కించుకోని వాళ్లు కూడా ఆ గింజలు చూసి ఫోన్లు పక్కన పెడతారు. "ఇరవై ఆరేళ్ల కింద ఒక డ్రైవరు ఇట్టాగే చేశాడు" అంటాడు నతానియేలు. ఎవరని అడిగితే మాత్రం వంగి గింజలు ఏరుకోవడంలో పడిపోతాడు.

ఈ ఏడు ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు స్కూలు కరెస్పాండెంటు జయపాల్ గారు పిలిపించారు.

"నతానియేలూ, నీ ట్రాక్టరు మన ఎగ్జిబిషన్‌లో పెడదామయ్యా. పెద్దాఫీసరొకాయన వస్తున్నారు."

"ఆదివారం నాకు దాంతో పనుంది సార్."

"శుక్రవారం సాయంత్రానికి నీ చేతిలో ఉంటది. నాదీ పూచీ."

జీతమిచ్చే మనిషి అడిగితే కాదనేదెలా? అట్టపెట్టెలో పత్తి పరిచి, మధ్యలో ట్రాక్టరు పెట్టి, బస్సులో తన సీటు పక్కనే పెట్టుకుని తీసుకెళ్లి అప్పగించాడు.

శుక్రవారం బస్సు నిలిపి హాల్లోకి వెళ్లేసరికి గుమ్మం నిండా ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నిండా జయపాల్ గారి మొహం. ట్రాక్టరు ముందు ఒక అట్ట ముక్క: 'ఎనిమిదో తరగతి విద్యార్థుల ఆవిష్కరణ'. ఛీ అనుకున్నాడు. ఒకరి కష్టం మీద ఇంకొకరి పేరు రాసుకోవడానికి చేతులెలా వచ్చాయి వీళ్లకి? సరే, ఒక్క పూటే కదా అని దిగమింగాడు. అప్పుడు ముక్కుకి ఘాటుగా జిగురు వాసన కొట్టింది.

బ్లాకుల అతుకుల వెంట బూజు పట్టినట్టు తెల్లటి చారలు. చక్రం తిప్పబోయాడు, తిరగలేదు. స్టీరింగు కదల్లేదు. కొక్కెం తీసి ఉన్నది తీసి ఉన్నట్టే అంటుకుపోయింది.

"పిల్లలు ముట్టుకుంటే ముక్కలు ఊడిపోతున్నాయి అంకుల్. సార్ అతికించెయ్యమన్నారు. నాలుగు ట్యూబులు పట్టింది, ఇంక మీకు జన్మలో ఊడదు" అంది సైన్సు టీచరు నాజియా, ఎంతో మేలు చేసినదానిలా. ఊడి మళ్లీ కూర్చోవడమే వాటి ప్రాణమని ఆ పిల్లకి ఎవరు చెప్పారు గనక?

ఆఫీసరు గారు నడిపించమన్నారు. జయపాల్ గారు స్విచ్చి నొక్కారు. మోటారు గుయ్యిమని మూలిగి, కమురు వాసన వేసి, ఊరుకుంది. అయినా చప్పట్లు కొట్టారు. నడవని బండికి చప్పట్లేమిటో! గోరుచుట్టు మీద రోకటి పోటులా, నతానియేలుని ట్రాక్టరుతో సహా స్టేజీ ఎక్కించి, "మా డ్రైవరు కూడా పిల్లలకి కాస్త సాయం చేశాడండీ" అని శాలువా కప్పారు. నతానియేలు శాలువా తీసి, దాంట్లో ట్రాక్టరు చుట్టి, చంకన పెట్టుకున్నాడు.

"ఎక్కడికయ్యా? ఫొటోలు కాలేదు!"

"నడిచే బండిని చంపి సన్మానం చేశారు సార్. ఛీ" అన్నాడు, జయపాల్ గారి మొహం మీదే. ఆ ఛీ మైకులో హాలంతా వినపడింది.

శనివారమంతా వేడినీళ్లలో నానబెట్టాడు, చాకుమొనతో గీకాడు. ముక్కలు విరిగాయి గానీ విడిపోలేదు.

"ఈ ఏటికి మీటింగు ఆపేద్దాం" అన్నాడు చాకు విసిరేసి.

"కోతలు ఆగుతాయా?" అంది సంతోషకుమారి, వంగిన ఎడమ మోచేత్తో గిన్నె ఎత్తుతూ. ఆ చెయ్యి పూర్తిగా సాగదు. అది అలా కావడానికి అసలు కారణం పెళ్లికి ముందే ఆమెకి ఒక్కదానికే చెప్పుకున్నాడు. నతానియేలు లేచి, విసిరేసిన చాకు తెచ్చుకున్నాడు.

ఆదివారం పదిహేనుమంది డ్రైవర్లు వచ్చారు. వెనక వరసలో ఎప్పట్లాగే షానవాజ్ గోతంతో కూర్చున్నాడు. బల్ల మీద ట్రాక్టరు శవంలా పడుంది. నతానియేలు కొక్కెం మాట వదిలేసి జిగురునీ, ఫ్లెక్సీనీ, శాలువానీ తిట్టడం మొదలుపెట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నాడని తనకీ తెలుస్తూనే ఉంది. కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. కొందరు ఫోన్లు తీశారు. పక్క ఊరి ఆదాం లేచి నిలబడ్డాడు.

"బొమ్మ పోతే పోయిందిలే మామా. ఇంతకీ ఏటా చెప్తావే, ఆ డ్రైవరెవరు? ఉన్నాడా, పోయాడా?"

నతానియేలు అలవాటుగా నేలకి వంగాడు. కింద గింజలు లేవు.

వంగినవాడు అలాగే ఉండిపోయాడు. తన పనికి పిల్లల పేరు పెట్టారని జయపాల్ గారి మొహాన ఛీ కొట్టొచ్చాడు. మరి తను చేసిన పనిని ఇన్నేళ్లూ ఎవడో 'ఒక డ్రైవరు' మీదికి నెట్టింది ఎవరు? అంతవరకూ లోకం మీద పడ్డ అసహ్యమంతా కలిపినా ఇప్పుడు తన మీద పుట్టినదానికి చాలదు.

"నేనేరా" అన్నాడు లేచి. "దుక్కి నుంచి తిన్నగా రోడ్డెక్కా. వంగి కొక్కెం వెయ్యడానికి బద్ధకం. ట్రక్కులో పన్నెండుమంది. కట్ట మీద గేదె అడ్డమొస్తే ఒక్క పెడలే తొక్కా. శాంతి పోయింది. రసూల్‌బీ పోయింది. బ్రేకు ఫెయిలైందని ఊరి పెద్దలు కేసులో రాయించారు. ఫెయిలవలేదు. కొక్కెం వెయ్యలేదు, అంతే."

ఆ పన్నెండుమందిలో ఒకతైన సంతోషకుమారి వచ్చి, జాకెట్టు చెయ్యి పైకి లాగి, వంగిన మోచెయ్యి బల్ల మీద ట్రాక్టరు పక్కన పెట్టింది. నవ్విన మొహాలన్నీ వాడిపోయాయి. ఆదాం గేటు బయట ఉన్న తన ట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు. టక్కుమని కొక్కెం పడిన చప్పుడు లోపలికి వినపడింది. ఒకరి వెనక ఒకరు మిగతావాళ్లూ లేచారు.

ఖాళీ అయిన కుర్చీల వెనక షానవాజ్ ఒక్కడే మిగిలాడు. నతానియేలు అటు చూడలేకపోయాడు. రసూల్‌బీ షానవాజ్ తల్లి. ఆవిడ పోయేనాటికి పిల్లాడికి ఆరేళ్లు.

షానవాజ్ వచ్చి గోతం బల్ల మీద పెట్టాడు. లోపల బ్లాకులు గలగలమన్నాయి.

"ఏటా ఆ బొమ్మ పల్టీ కొడుతుంటే నాకు తెలిసిపోలేదా మామా" అన్నాడు. "నీ నోటితో చెప్తావేమోననే వచ్చి కూర్చునేవాణ్ణి."