ఆఖరి పల్లె పేర్లు

పోయిన మంగళవారం బూర్గంపాడులో మా కంప్యూటర్ మేడం చనిపోయారు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే ఫోన్ వచ్చింది. ఈమధ్య ఒంట్లో ఓపిక లేక నాకు ఏడుపు కూడా ఆలస్యంగానే వస్తోంది.

తొంభైల చివర ఆమె టైపు మిషన్లు అమ్మేసి రెండు కంప్యూటర్లు కొన్నారు. యాభై దాటాక పుస్తకం ముందేసుకుని జావా అనే ప్రోగ్రాం భాష నేర్చుకున్నారు. నిలబడి పాఠం చెప్పే ఓపిక లేదు, స్టూలు మీద కూర్చునే చెప్పేవారు. సమాచారం ఫైల్లోకి ఎలా పారుతుందో నీళ్లతో చూపేవారు.

"ముందుగాల పైపు పెట్టు, అది ఫైలుకు పోతది. దానికి బకెట్ తగిలియ్యి, చుక్క చుక్కకు ఉరుకుడు తప్పుతది. ఆ మీద, పేరేదో వయసేదో గుర్తుపట్టేది పెట్టు. ఒక్కో ఆబ్జెక్టు, అంటే ఒక్కో ముక్క, ఒక్క పనే చెయ్యాలె. జల్దీ ఏం లేదు, ఒక్కొక్కటే తొడుగు."

నేను ఆమె దగ్గర నేర్చుకుంటున్న ఏడాది వానాకాలంలో దవాఖానా నుంచి ఓ పని మాకు వచ్చింది. రక్తపరీక్షలో మలేరియా తేలినవాళ్ల పేర్లు కంప్యూటర్‌కు ఎక్కించాలి. ఆ జాబితా పట్టుకునే మాత్రలు పంచేవాళ్లు ఊళ్లకు వెళ్లేవారు. ప్రోగ్రాం రాసింది నేను. ములకలపల్లి అవతల అడవిలో ఉన్న ఒక పల్లె చీటీలు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేవి, క్లాసులో మిగతావాళ్లు వాటిని ఆఖర్న ఎక్కించేవారు. రెండు వారాలు జాబితాలో ఆ పల్లె పేరే లేదు. జ్వరాలు తగ్గాయనుకుని సంతోషించాను కూడా.

"ఆ పల్లెకు దోమలు పోవా ఏంది?" అంటూ మేడం నా ప్రోగ్రాం తెరిచారు. ఫైలు మూసే లైను నేను రాయలేదు. బకెట్ నిండితేనో, ఫైలు మూస్తేనో పేర్లు ఫైలుకు చేరతాయి. నిండని బకెట్లో మిగిలిన ఆఖరి పేర్లు అక్కడే పోయాయి.

నన్ను ఒక్క మాట అనలేదు. మాత్రలు పంచే ఆయన జీపులో ఇద్దరం ఆ పల్లెకు వెళ్లాం. ఒక ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్ల జ్వరంతో ఒళ్లెరగకుండా పడి ఉంది.

"గింత ఆలస్యమేంది మేడం?" అంది వాళ్లమ్మ.

"తప్పు నాదమ్మా. నేను చూసుకోలె."

నేను వెనకే నిలబడి నోరు మెదపలేదు. దవాఖానాలో పిల్ల బతికింది గానీ ఎడమ చెవి వినికిడి మళ్లీ రాలేదు. ఆ తర్వాత ప్రతి క్లాసులో మేడం, "మూసినవా?" అని అందరినీ అడిగేవారు. అడిగేటప్పుడు నా వైపు చూసేవారు కాదు. ఆ దయకు ఇన్నేళ్లూ కృతజ్ఞురాలినే, ఇన్నేళ్లూ సిగ్గుపడుతూనే ఉన్నాను.

మేడంను సాగనంపడానికి ఆ పిల్ల కూడా వచ్చింది. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. శవం దగ్గర నా పక్కనే కూర్చుంది. చివరికి చెప్పేశాను.

"అప్పటి తప్పు మేడంది కాదమ్మా, నాది."

ఆమె తల తిప్పి కుడి చెవి నా దగ్గరికి తెచ్చింది.

"ఇనవడలేదక్కా. గీ దిక్కు చెప్పు."